పార పట్టని ఫైర్‌మన్

నేవీలో చేరాక మొదటిసారి సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు మా మావయ్య నన్ను అడిగిన మొదటి మాట: "ఏరా అల్లుడూ, మీ ఓడలో పార ఎంత బరువుంటాదిరా?"

మావయ్య వాల్తేరు లోకో షెడ్డులో ఫైర్‌మన్, అంటే రైలింజను పొయ్యిలో పారతో బొగ్గు వేసేవాడు. బొగ్గింజన్ల మీద ఇరవై ఏళ్ళు దాటి చేశాడు. కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి జారి ఉండేది. గోళ్ళ చుట్టూ నలుపు ఎప్పటికీ పోయేది కాదు, పెళ్ళికి వెళ్ళే ముందు మా అత్త కుంకుడుకాయ రసంతో ఎంత తోమినా సరే. నాకు ఓడలో బాయిలర్ రూము డ్యూటీ పడిందని తెలిసి తెగ సంబరపడిపోయాడు. తన పనిలోకే వచ్చానని ఆయన లెక్క.

"మా ఓడలో పార లేదు మావయ్యా. అంతా నూనే. గొట్టంలోంచి జల్లులా వచ్చి మండుద్ది" అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూశాడు. నా చేతులు తిప్పి చూశాడు. "పార పట్టకుండా నువ్వేం ఫైర్‌మన్‌విరా!" అనేసి చుట్ట వెలిగించుకున్నాడు.

అవి డెబ్భైల చివరి రోజులు. ఆ పార నా చేతికి రాకుండా చేసిన మనిషి పేరు నాకు అప్పటికే తెలుసు. లోనావాలా దగ్గర ఐఎన్‌ఎస్ శివాజీలో ట్రైనింగ్ అవుతున్నప్పుడు మాకు బాయిలర్లు నేర్పిన చీఫ్ ఒకాయన ఉండేవాడు, మలయాళీ. క్లాసులో ఎవడైనా పని కష్టంగా ఉందని గొణిగితే, తన మలయాళం హిందీలో, "జాకీ ఫిషర్‌కి దణ్ణం పెట్టుకో. ఆయన లేకపోతే ఈపాటికి నీ నెత్తిన బొగ్గు బస్తా ఉండేది" అనేవాడు. జాకీ అంటే గుర్రప్పందేల మనిషి కాబోలు అనుకున్నాను నేను. కాదు. బ్రిటిష్ నేవీలో అడ్మిరల్. అసలు పేరు జాన్ ఫిషర్. అప్పటినుంచి ఆయన గురించి ఎక్కడ ఏ ముక్క దొరికినా చదువుతూ వచ్చాను. నలభై ఏళ్ళ పిచ్చి ఇది. ఇంట్లో వాళ్ళకి విని విని విసుగొచ్చింది కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ఫిషర్ పుట్టింది ఇంగ్లండులో కాదు, మన పక్కనే, సిలోన్‌లో, రంబోడ అనే కొండ ఊళ్ళో, 1841 జనవరి 25న. తండ్రి సైన్యంలో కెప్టెన్‌గా చేసి కాఫీ తోట పెట్టాడు, కలిసి రాలేదు. పదకొండు మంది పిల్లల్లో ఇతనే పెద్ద. ఆరేళ్ళప్పుడు లండన్లో తాతగారింటికి పంపేశారు. మళ్ళీ తండ్రి మొహం చూడలేదు. 1854లో, పదమూడేళ్ళకి నేవీలో చేరాడు. డబ్బు లేదు, స్నేహితులు లేరు, దిక్కూ దివాణం లేదు అని ఆయనే రాసుకున్నాడు. పరీక్షేమిటయ్యా అంటే ప్రార్థన ఒకటి రాయడం, బట్టల్లేకుండా కుర్చీ మీంచి దూకడం, ఆపైన ఒక గ్లాసు షెర్రీ తాగడం. మా రోజుల్లో విశాఖపట్నం రిక్రూటింగులో ఛాతీ కొలిచి, పరిగెత్తించి, పళ్ళు లెక్కపెట్టారు. గ్లాసు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఓడ ఎక్కిన రోజునే ఎనిమిది మందిని కొరడాతో కొట్టడం చూసి పిల్లాడు స్పృహ తప్పి పడిపోయాడట.

సముద్రం మీదికి వెళ్ళిన అతని మొదటి ఓడ పేరు 'కలకత్తా'. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ ఓడ కట్టింది బొంబాయిలో, టేకుతో. 84 ఫిరంగుల తెరచాప ఓడ, 1831లో నీళ్ళలోకి దింపారు. తరతరాలుగా వాడియా కుటుంబం వాళ్ళు ఓడలు కట్టిన ఆ డాక్‌యార్డులోనే మా ఓడ రిఫిట్‌కి, అంటే పెద్ద మరమ్మతులకి, నెలల తరబడి పడుకుంది. ఆ పాత రాతి డాకు గట్టు మీద కూర్చుని నేను వడాపావ్ తిన్నాను. బాయిలర్ అన్నదే లేని కలకత్తాలో మొదలైన కుర్రాడు, డెబ్భై దాటాక నూనెతో నడిచే యుద్ధనౌకల దాకా వచ్చాడు. ఒక్క మనిషి ఉద్యోగంలోనే తెరచాప పోయింది, బొగ్గు పోయే రోజులూ వచ్చాయి.

అయితే తెరచాప అంత తేలిగ్గా పోలేదు. 1863లో ఫిషర్‌ని 'వారియర్' మీద ఫిరంగులు చూసే గన్నరీ లెఫ్టినెంటుగా వేశారు. బ్రిటన్ కట్టిన మొట్టమొదటి ఇనుప ఒంటి యుద్ధనౌక అది. పది బాయిలర్లు, నలభై పొయ్యిలు, నాలుగున్నర అంగుళాల ఇనుప కవచం. అంతా ఉండి కూడా మూడు తెరచాప స్తంభాలు! గాలి బాగుంటే ఆవిరి ఆపేసేవాళ్ళు. అప్పుడు పొగగొట్టాలు రెండిటినీ కిందికి దించేయాలి. నీళ్ళలో అడ్డం పడకుండా ప్రొపెల్లర్ని తాళ్ళు కట్టి పైకి లాగాలి. దాని బరువు టన్నుల్లోనే. లాగడానికి ఆరు వందల మంది. మళ్ళీ ఆవిరి కావాలంటే పొగగొట్టం పైకి, ప్రొపెల్లర్ కిందికి. రైలింజను ముందు రెండు ఎడ్లని కూడా కట్టి ఉంచినట్టు.

పద్దెనిమిదేళ్ళ తర్వాత 1881లో ఫిషర్ 'ఇన్‌ఫ్లెక్సిబుల్' కెప్టెనయ్యాడు. దాని కవచం 24 అంగుళాల మందం, గన్లు ఒక్కొక్కటీ 80 టన్నులు. 1882 జులైలో అలెగ్జాండ్రియా కోటల్ని కొట్టింది ఈ గన్లతోనే. (ఈజిప్టు వాళ్ళ వైపు నుంచి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఇంగ్లీషు పుస్తకాల్లో పెద్దగా కనపడదు.) అంతటి ఇనుప కొండకి కూడా తెరచాపలు తగిలించారు. గాలివానలో ఆ తెరచాపలు ఓడని కదిపేది నీటిగుర్రం మీద ఈగ వాలినంత అని ఫిషర్ వెక్కిరించాడు. అయినా పైవాళ్ళు మెచ్చుకునేది తెరచాపలు ఎవరి ఓడలో ఎంత గబగబా విప్పుతారన్నదే! ఆయనా తన వాళ్ళచేత అది చేయించి మెప్పు కొట్టేశాడు. ఉద్యోగం చేసిన వాళ్ళెవరికైనా ఈ బాధ తెలుస్తుంది.

ఇక్కడ బాయిలర్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తోచదు.

మా పెరట్లో వేణ్ణీళ్ళకి రాగి బాయిలరు ఉండేది. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. మధ్యలో గొట్టం, గొట్టంలో చితుకులూ బొగ్గులూ, చుట్టూ నీళ్ళు. పైన చన్నీళ్ళు పోస్తే పక్కన కొళాయిలోంచి వేణ్ణీళ్ళు. పాత ఓడల బాయిలర్లు ఇంచుమించు ఈ బాపతే. పీపాలాంటి డొల్ల నిండా నీళ్ళు, వాటి మధ్య గొట్టాల్లోంచి మంట. అన్ని టన్నుల నీళ్ళు కాగాలంటే గంటలు పడుతుంది. శత్రువు కనపడ్డాక పొయ్యి రాజేస్తే ఇంకేముంది! దీన్ని తిరగేస్తే వాటర్ ట్యూబ్ బాయిలర్: నీళ్ళు సన్నటి గొట్టాల్లో, మంట వాటి చుట్టూ. నీళ్ళు కొంచెమే కాబట్టి ఆవిరి గబగబా లేస్తుంది, ఒత్తిడి ఎక్కువ తట్టుకుంటుంది. 1892 నుంచి 1897 దాకా ఓడల నిర్మాణం చూసే కంట్రోలర్‌గా ఉన్నప్పుడు ఫిషర్ దీని కోసం పట్టుబట్టాడు. మొదట వచ్చిన ఫ్రెంచి రకం బెల్‌విల్ బాయిలర్లు కారి, చెడిపోయి, పార్లమెంటులో గొడవలయ్యి, కమిటీలు వేసేదాకా వెళ్ళింది. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. నేను సర్వీసంతా కాపు కాసింది ఈ రకం బాయిలర్లనే.

1899లో మధ్యధరా నౌకాదళం ఆయన చేతికొచ్చింది. మాల్టా కేంద్రం. 12 నాట్ల (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) వేగంతో వెళ్తూ మధ్యలో ఆగిపోయే ఓడల్ని 15 నాట్లతో, ఆగకుండా పరిగెత్తేలా చేశాడని అక్కడ ఆయన కింద చేసిన లార్డ్ చార్లెస్ బెరెస్‌ఫర్డే ఒప్పుకున్నాడు. తర్వాత ఆ బెరెస్‌ఫర్డే బద్ధశత్రువయ్యాడు, అది వేరే సంగతి. ఆ మూడు నాట్ల తేడా పైనున్న వాళ్ళకి ఒక అంకె. కింద బాయిలర్ల ముందున్న వాళ్ళకి అదెన్ని పారల బొగ్గో, ఎన్ని బకెట్ల చెమటో మావయ్యలాంటి వాళ్ళని అడగాలి. అయితే ఓడ ఎందుకు ఆగిపోతోందో తెలుసుకోవడానికి ఫిషర్ ఇంజనీర్లని పిలిచి అడిగేవాడు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

ఎందుకంటే ఇంజనీరు ఆఫీసరంటే డెక్ ఆఫీసర్లకి చిన్నచూపు. వాళ్ళు పెద్దింటి బిడ్డలు, వీళ్ళు జిడ్డు చేతుల వాళ్ళు. భోజనాల బల్ల దగ్గర కూడా తేడాయే. 1902 డిసెంబరులో సెల్బోర్న్ పథకం ప్రకటించినప్పుడు, దాని వెనకున్న బుర్ర సెకండ్ సీ లార్డుగా, అంటే నేవీలో రెండో పెద్దగా, ఉన్న ఫిషర్‌దే. డెక్ మీదికెళ్ళే కుర్రాడూ, ఇంజను రూములోకెళ్ళే కుర్రాడూ పన్నెండు పదమూడేళ్ళకి ఒకే బడిలో చేరాలి, ఒకే చదువు చదవాలి, అందరూ ఇంజన్లు నేర్చుకోవాలి. దీని మీద లేచిన గోల అంతా ఇంతా కాదు. ఫీజు కట్టగలిగిన ఇళ్ళ పిల్లలే ఆ బడికి రాగలిగారన్నది కూడా చెప్పాలి.

నాకు ఈ ఘట్టం ఎందుకంత ఇష్టమో చెప్తా. ఒకసారి నడిసముద్రంలో, బాయిలర్లోకి నీళ్ళు ఎక్కించే ఫీడ్ పంపు మొరాయించింది. రాత్రంతా కష్టపడి దారికి తెచ్చి, ఆ సంగతి చెప్పడానికి తెల్లారగట్ల పైకెళ్ళాను. ఓవరాల్ నిండా నూనె. అక్కడున్న ఆఫీసరు నన్ను గుమ్మం బయటే ఆపి, తను టీ తాగడం పూర్తయ్యేదాకా నిలబెట్టాడు, శుభ్రంగా తుడిచిన డెక్ పాడవుతుందని. ఏ ఓడో, ఎవరో చెప్పను. ఆ పది నిమిషాలూ నాకు ఫిషరే గుర్తొచ్చాడు.

ఇంకొక మంచి పని కూడా చేశాడాయన. ఓడల్లో గట్టి బిస్కట్లు, అందులోనూ పురుగులు పట్టినవి తినే అలవాటు మాన్పించి, రోజూ తాజా రొట్టె కాల్చే ఏర్పాటు చేయించాడు. రాత్రి పన్నెండింటి వాచ్ డ్యూటీ దిగి, గాలీలోంచి (ఓడ వంటగదిలోంచి) వచ్చే వేడి బ్రెడ్డు వాసన తగిలిన వాళ్ళకి దాని విలువ తెలుసు.

1904 అక్టోబరులో ఫస్ట్ సీ లార్డ్ అయ్యాడు. అంటే నేవీలో ఇక పైన ఎవరూ లేరు. వస్తూనే 154 పాత ఓడల్ని పక్కన పెట్టించాడు: పోరాడే బలమూ లేదు, పారిపోయే వేగమూ లేదు, ఎందుకివి అని. తర్వాత 'డ్రెడ్‌నాట్' యుద్ధనౌక. 1905 అక్టోబరు 2న పోర్ట్స్‌మత్‌లో మొదలుపెట్టి, మరుసటేడు ఫిబ్రవరి 10న నీళ్ళలోకి దింపారు. ఎడ్వర్డ్ రాజు కొట్టిన వైన్ సీసా మొదటిసారి పగల్లేదట, ఎగిరి వెనక్కొచ్చింది. మన దగ్గరైతే కొబ్బరికాయ కుళ్ళినట్టు చెప్పుకునేవాళ్ళం. మొదలుపెట్టిన ఏడాదీ ఒక రోజుకల్లా ఓడ సముద్రం మీద పరుగు పరీక్షకి వెళ్ళింది. పన్నెండంగుళాల గన్లు పది, 21 నాట్ల వేగం. అందరూ గన్ల గురించే రాస్తారు. నాకు మాత్రం అందులో పెట్టిన పార్సన్స్ టర్బైన్లు, అంటే ఆవిరి తాకిడికి రెక్కల చక్రంలా గిర్రున తిరిగే ఇంజన్లు, ముఖ్యం. అంతకుముందు వరకూ అంత పెద్ద యుద్ధనౌకలో ఎవరూ పెట్టలేదు.

పాత పిస్టన్ ఇంజన్ల గదులు పూర్తి వేగంలో ఉన్నప్పుడు చిత్తడి నేలలా ఉండేవని, ఆఫీసర్లు తడవకుండా రెయిన్‌కోట్లు వేసుకునేవాళ్ళని డ్రెడ్‌నాట్ మొదటి కెప్టెన్ బేకన్ రాశాడు. బేరింగులు కాలిపోకుండా నీళ్ళు కొడుతూనే ఉండాలి కదా. టర్బైన్ వచ్చాక ఆ గదులు పొడిబారాయి. మా ఓడలో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి మేం చూపించే గారడీ ఒకటుండేది. నడుస్తున్న టర్బైన్ కేసింగ్ మీద రూపాయి బిళ్ళని నిలువుగా పెట్టేవాళ్ళం. పడేది కాదు. లోపల నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది, పైన రూపాయి బిళ్ళ ధ్యానంలో ఉన్నట్టు నిలబడి ఉంటుంది.

కానీ డ్రెడ్‌నాట్‌లో కూడా మండింది ప్రధానంగా బొగ్గే. పార పోలేదు.

బొగ్గు ఎక్కించుకునే రోజంటే ఓడంతటికీ గండం. పెద్దా చిన్నా అందరూ బస్తాలు మోయాల్సిందే. కళ్ళల్లో, చెవుల్లో, అన్నంలో, పరుపుల్లో బొగ్గు మసి. అంతా అయ్యాక మళ్ళీ ఓడంతా కడగాలి. ఎక్కించిన బొగ్గుని లోపలి గదుల్లోంచి పొయ్యిల దగ్గరికి లాగడానికి వేరే మనుషులు, పొయ్యిల్లో వేయడానికి వేరే మనుషులు. నూనె అయితే గొట్టం తగిలిస్తే చాలు, నడిసముద్రంలో ఇంకో ఓడ నుంచి కూడా పట్టొచ్చు. ఇది చెప్పీ చెప్పీ ఫిషర్‌కి 'ఆయిల్ పిచ్చోడు' అని పేరొచ్చింది. 1910లో రిటైరయ్యాక, 1912లో, నేవీ ఇంధనం మీద వేసిన రాయల్ కమిషన్‌కి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. అదే ఏడాది ఆర్డరిచ్చిన 'క్వీన్ ఎలిజబెత్' తరగతి యుద్ధనౌకలు పూర్తిగా నూనె మీదే నడిచాయి. బ్రిటన్లో బొగ్గుకి కొదవ లేదు, నూనె మాత్రం చుక్క లేదు. అందుకే 1914లో, పర్షియాలో (ఇప్పటి ఇరాన్) నూనె తీసే ఆంగ్లో పర్షియన్ కంపెనీలో సగానికి పైగా వాటా ప్రభుత్వమే కొనేసింది. పర్షియా వాళ్ళు ఆ తర్వాత పడిన పాట్లు తలచుకుంటే, నా చేతికి బొబ్బలు తప్పినందుకు ఎవరెవరో చాలా దూరాన ఖరీదు కట్టారనిపిస్తుంది.

అదే 1914 సెప్టెంబరులో జర్మన్ ఓడ 'ఎమ్డెన్' మద్రాసు మీద గుండ్లు వేసి ఆయిల్ ట్యాంకులు తగలబెట్టింది. ఊళ్ళకి ఊళ్ళు మూటలు కట్టుకుని మద్రాసు వదిలి పారిపోయిన కథ మా ముసలాళ్ళు చెప్పేవారు. ఆ తర్వాత ఐదారు వారాలకే, డెబ్భై మూడేళ్ళ వయసులో ఫిషర్‌ని మళ్ళీ పిలిచి ఫస్ట్ సీ లార్డుని చేశారు. డిసెంబరులో దక్షిణ అట్లాంటిక్‌లో ఫాక్లండ్స్ దీవుల దగ్గర ఆయన పంపిన బ్యాటిల్‌క్రూజర్లు (వేగంగా వెళ్ళే పెద్ద యుద్ధనౌకలు) జర్మన్ దళాన్ని ముంచేశాయి. తర్వాత టర్కీ జలసంధి డార్డనెల్స్ మీద దాడి విషయంలో అప్పటి నేవీ మంత్రి చర్చిల్‌తో పడక 1915 మేలో రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. యుద్ధం నడుస్తుండగా అలా వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. 1917లో అదే చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో 'ఓఎంజీ' అని వాడాడు, పక్కన బ్రాకెట్లో దాని అర్థం 'ఓ మై గాడ్' అని కూడా రాశాడు. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో రోజుకి వందసార్లు కొట్టే మాట. ఈ ముక్క చెప్పాకే ఇంట్లో ఫిషర్‌కి కాస్త గౌరవం పెరిగింది.

మా చీఫ్ చెప్పని సంగతి ఒకటుంది. వేగమే కవచం అనేది ఫిషర్ నమ్మకం. అందుకని బ్యాటిల్‌క్రూజర్లకి గన్లు పెద్దవి పెట్టించి, కవచం తగ్గించాడు. 1916 మే 31న జర్మన్ నేవీతో జరిగిన జట్లండ్ యుద్ధంలో అలాంటివి మూడు పేలిపోయాయి. ఫాక్లండ్స్‌లో గెలిచిన 'ఇన్‌విన్సిబుల్' వాటిలో ఒకటి. 1,026 మంది పోయారు, ఆరుగురు మిగిలారు. మెట్లెక్కి బయటపడటానికి బాయిలర్ రూము వాళ్ళకి ఎంత టైము పడుతుందో నాకు తెలుసు. మా డ్రిల్లుల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కపెట్టేవారు. అందుకే ఆయన ఫొటో నా గోడ మీద లేదు. నలభై ఏళ్ళుగా చదువుతున్నాను, దణ్ణం మాత్రం పెట్టలేను.

ఆయన 1920 జులైలో పోయాడు. చితాభస్మాన్ని కిల్వర్‌స్టన్‌లో భార్య సమాధిలో, ఒక చెస్ట్‌నట్ చెట్టు కింద ఉంచారు. దాన్ని చూస్తున్నట్టుగా పెట్టింది తన మొదటి ఓడ ముందుభాగంలో ఉండే బొమ్మని, మన బొంబాయి కలకత్తాది.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా సౌతాంప్టన్లో ఉంటుంది. అక్కడికెళ్ళినప్పుడు పోర్ట్స్‌మత్ తీసుకెళ్ళమని అడిగాను. అక్కడ వారియర్ ఇంకా ఉంది. తుక్కు కింద పోవలసిన ఓడ. ఎలా మిగిలిందో తెలుసా? 1929 నుంచి యాభై ఏళ్ళు వేల్స్‌లో పెంబ్రోక్ డాక్ దగ్గర, వేరే ఓడలకి నూనె పట్టే తేలుడు జెట్టీగా వాడారు. పేరు కూడా తీసేసి 'సీ77' అని నంబరిచ్చారు. ఆయిల్ పిచ్చోడి పాత ఓడకి దక్కిన ఉద్యోగం అది! తర్వాత హార్టిల్‌పూల్‌లో బాగుచేసి 1987లో ఇక్కడికి తెచ్చారు.

పైన గన్లూ, తాళ్ళూ, భోజనాల బల్లలూ చూసుకుంటూ కిందికి దిగాం. మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళు ఊరుకోలేదు గానీ, కాళ్ళకి దారి గుర్తున్నట్టే ఉంది. అడుగున రెండు వరసల పొయ్యిల మధ్య ఇరుకు దారి. అక్కడ ఉన్నవి అసలు బాయిలర్లు కావు, అలాగే చేసి పెట్టిన నమూనాలు. అయినా ఆ నలభై నోళ్ళూ ఒకేసారి మండుతుంటే ఇక్కడ నిలబడ్డవాడి వీపు, మొహం ఏమయ్యేవో ఊహించుకోవడానికి నాకు కష్టం కాలేదు. ఒక్క పార మాత్రం నేను ఊహించుకోలేని వస్తువు. చెయ్యి చాచి గాల్లోనే పట్టుకున్నట్టు పట్టి, మావయ్య చూపించినట్టు నడుము తిప్పి విసిరి చూశాను. మా అమ్మాయి ఫోను తీసి వీడియో పట్టింది.

బాయిలర్ రూములోకి అడుగుపెట్టగానే ముందు చూడాల్సింది గేజ్ గ్లాసులో (బాయిలర్లో నీటి మట్టం చూపించే గాజు గొట్టంలో) నీళ్ళు. నీళ్ళెక్కడున్నాయో చూడకుండా ఎవరితోనూ మాట్లాడకూడదు, గుడ్ మార్నింగ్ కూడా చెప్పకూడదు. మా చీఫ్ నేర్పిన మొదటి పాఠం అది. నా కళ్ళు వాటంతటవే ఆ పొయ్యిల పైన వెతకడం మొదలుపెట్టాయి.

"ఏం వెతుకుతున్నావు నాన్నా?" అంది అమ్మాయి.

"నీళ్ళు."

"అందులో నీళ్ళెందుకుంటాయి? ఉత్త డమ్మీలవి."

"తెలుసమ్మా" అన్నాను, వెతుకుతూనే.